బాలి నీటి గుళ్ళు, ఒక సిమ్యులేషన్

బాలి వెళ్ళొచ్చిన స్నేహితులు మీకూ ఒకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్ళు ఫోన్లో ఫోటోలు చూపించేటప్పుడు రెండు మాత్రం తప్పకుండా కనిపిస్తాయి. కొబ్బరిచెట్ల మధ్య ఒక ఊయల, దాని వెనక కొండవాలు పొడుగునా మెట్లు మెట్లుగా దిగే పచ్చటి వరిమడులు. ఊయల కొత్త సరుకు, టూరిస్టుల కోసం కట్టింది. మడుల సంగతి వేరు. వాటికి నీళ్ళు తేవడానికి కొండల్లో సొరంగాలు తవ్వే పనివాళ్ళ ప్రస్తావన 9వ శతాబ్దపు శాసనాల్లోనే ఉంది. ఈ వ్యాసం ఆ మడుల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, 1980ల్లో ఆ మడుల్నీ, వాటిలోని పురుగుల్నీ, వాటి మీద బతికే రైతుల్నీ కలిపి ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌గా రాసిన ఇద్దరి గురించి. ఆ ప్రోగ్రామ్ ఏం తేల్చింది, దాన్ని ఎవరు నమ్మారు, అంతకుముందు అదే మాట రైతులు చెప్తే ఎందుకు నమ్మలేదు అనేది నాకు ఆసక్తి కలిగించిన విషయం.

ముందు భూగోళం. బాలి ఒక అగ్నిపర్వతాల దీవి. బూడిద పేరుకుని గట్టిపడిన మెత్తటి రాతిలో నదులు లోతుగా కోసుకుని పారతాయి. నది అడుగున ఎక్కడో ఉంటుంది, చేలు పైన ఉంటాయి. అందుకని మన డెల్టాల్లో లాగా నదికి గండి కొట్టి కాలువ తీస్తే కుదరదు. ఎగువన ఒక చిన్న అడ్డుకట్ట కట్టి, నీళ్ళని సొరంగంలోకి మళ్ళించి, కొండ లోపల నుంచి నడిపించి, కొన్ని కిలోమీటర్ల అవతల చేల ఎత్తుకి తెచ్చి బయటికి వదలాలి. దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. ఒక కాలువ కింద తడిసే రైతులందరూ పక్కపక్క ఊళ్ళవాళ్ళు కావచ్చు, ఒకే ఊళ్ళో ఉన్న ఇద్దరు రైతులు రెండు వేరువేరు కాలువల వాళ్ళు కావచ్చు. ఊరు ఒకటి, నీళ్ళ ఊరు ఒకటి. ఆ రెండోదాన్ని సుబాక్ అంటారు. ఒకే తూము కింది ఆయకట్టు రైతులందరి సంఘం అనుకోండి. దానికి సమావేశాలుంటాయి, జరిమానాలుంటాయి, తాటాకుల మీద రాసుకున్న నియమాలుంటాయి, పెకసె అనే పెద్ద ఉంటాడు. మన తెలంగాణ చెరువుల కింద నీరటికాడు గుర్తొస్తాడుగానీ, పోలిక అంతవరకే. పెకసెని ఎన్నుకునేది రైతులే.

ప్రతి సుబాక్‌కీ గుడి ఉంటుంది. కాలువ చేలోకి దిగేచోట రైతు సొంతంగా పెట్టుకున్న చిన్న పీఠం, సుబాక్ మొత్తానికి ఒక గుడి, కొన్ని సుబాక్‌లు కలిసి మొక్కే మసెతి అనే పెద్ద గుడి, వీటన్నిటి పైన బాతూర్ అగ్నిపర్వతం అంచున ఉలున్ దాను బాతూర్ గుడి. అక్కడి దేవత పేరు దేవి దాను, అంటే సరస్సు అమ్మవారు. కింది రైతులు అక్కడికి వెళ్ళి తెచ్చుకునేది ఏమిటో తెలుసా, తీర్థం. ఆ మాటే వాడతారు, తీర్త అని. బాలి వాళ్ళ మతానికి పాత పేరే 'ఆగమ తీర్త'. బాతూర్ సరస్సు నుంచి పైకి కనిపించేలా ఒక్క ఏరు కూడా బయటికి పోదు. అయినా కింద కొండల్లో ఊరే ఊటలన్నీ ఆ సరస్సువే అని వాళ్ళ నమ్మకం. 1926లో అగ్నిపర్వతం పేలి గుడినీ ఊరినీ లావా ముంచేస్తే, గుడిని తీసుకెళ్ళి శిఖరం అంచున మళ్ళీ కట్టుకున్నారు.

ఎప్పుడు మడి తడపాలి, ఎప్పుడు నాట్లు వేయాలి, ఎప్పుడు మడుల్ని ఖాళీగా వదిలేయాలి అన్నవి ఈ గుళ్ళలో జరిగే సమావేశాల్లో తేలతాయి. దానికి 210 రోజుల పంచాంగం ఒకటుంది. అందులో ఒక రోజు నుంచి పది రోజుల దాకా పది రకాల వారాలు ఒకేసారి నడుస్తుంటాయి. 5, 6, 7 గుణిస్తే 210, అంతవరకు బాగుంది. కానీ 4, 8, 9 అనేవి 210ని నిశ్శేషంగా భాగించవు. మరేం చేస్తారంటే, ఆ వారాల్లో కొన్ని రోజుల్ని మళ్ళీ లెక్కపెడతారు. టైమ్‌జోన్లతో, లీప్ సెకన్లతో కుస్తీ పట్టిన ప్రోగ్రామర్ ఎవరికైనా ఈ సర్దుబాటు చూస్తే సొంత మనుషుల్ని చూసినట్టు ఉంటుంది.

డచ్చివాళ్ళు 1906లో దక్షిణ బాలిలోకి వచ్చినప్పుడు బాదుంగ్ రాజకుటుంబం తెల్లబట్టలు కట్టుకుని తుపాకులకి ఎదురు నడిచి చచ్చిపోయింది. 1908లో క్లుంగ్‌కుంగ్‌లోనూ అదే జరిగింది. ఆ తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వానికి కావలసింది భూమి పన్ను. పన్నుకి నీళ్ళు ముఖ్యం కాబట్టి అడ్డుకట్టలు, కాలువలు, ఎవరి కింద ఎంత మాగాణి అనే లెక్కలు రాసుకున్నారు. గుళ్ళని మాత్రం మతం అనే ఖాతాలో వేసి పక్కన పెట్టారు. ఈ రెండు ఖాతాలు అప్పట్నుంచీ విడిపోయాయి. స్వతంత్ర ఇండోనేసియాకి అవే దస్తర్లు వారసత్వంగా వచ్చాయి.

పండితుల లోకంలో కూడా కథ ఇలాగే నడిచింది. 1957లో కార్ల్ విట్‌ఫోగెల్ అనే ఆయన 'ఓరియంటల్ డెస్పాటిజం' అనే లావుపాటి పుస్తకం రాశాడు. పెద్ద ఎత్తున నీటిపారుదల కావాలంటే పెద్ద ఉద్యోగివర్గం కావాలి, దాని నెత్తిన నిరంకుశుడైన రాజు కావాలి, ఆసియా చరిత్ర అంతా ఇదే అని ఆయన వాదన. క్లిఫర్డ్ గీర్ట్జ్ 1980లో 'నెగారా' రాసి, బాలి వరకు ఇది నిజం కాదన్నాడు. అక్కడ రాజులు వైభవాన్ని ప్రదర్శించేవాళ్ళే తప్ప కాలువలు నడిపింది వాళ్ళు కాదు, సుబాక్‌లు అని. సరే, ఒక్కో సుబాక్ తన కాలువ తాను చూసుకుంటుంది. మరి ఒకే నది మీద వందకు పైగా సుబాక్‌లు ఉన్నప్పుడు ఎగువవాడు మొత్తం నీళ్ళు తోడేసుకోకుండా ఎవరు ఆపుతున్నారు? పైన రాజు లేడు, ఇరిగేషన్ శాఖ లేదు. ఆ ప్రశ్నకి జవాబు కోసం బాలి గుళ్ళ చుట్టూ తిరిగిన మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్.

ఈలోగా హరిత విప్లవం వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్8 విడుదల చేసింది. మరుసటేడే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించారు. మన జిల్లాల్లో ఆ పొట్టి వరి చేసిన హడావిడి గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. ఇండోనేసియా కూడా 'బిమాస్' అనే పథకం కింద విత్తనం, ఎరువు, పురుగుమందు, అప్పు అన్నీ కట్టగట్టి రైతుకి ఇచ్చింది. ఆదేశం ఒక్కటే: నీళ్ళు ఉన్నంతవరకు వరి వెయ్యి, ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు వెయ్యి. గుడి పంచాంగం వైపు చూడనవసరం లేదు. కొత్త వరి త్వరగా కోతకొస్తుంది, మడి ఖాళీగా ఉంచడం అంటే దిగుబడి వదులుకోవడం.

మొదటి ఒకటి రెండేళ్ళు దిగుబడి పెరిగింది. ఈ మాట దాటవేయకూడదు. ఆ తర్వాత దోమ పడింది.

మనం సుడిదోమ అంటాం. దుబ్బు మొదట్లో గుంపులుగా చేరి రసం పీల్చేస్తుంది. చేను అక్కడక్కడ గుండ్రంగా సుళ్ళు సుళ్ళుగా ఎండిపోతుంది కాబట్టి ఆ పేరు. ఐఆర్8 దానికి లొంగిపోయింది. దోమని తట్టుకునే ఐఆర్26 తెచ్చారు. కొద్ది ఏళ్ళలోనే ఆ రకాన్ని కూడా తినగలిగే దోమ తయారైంది. ఐఆర్36 తెచ్చారు. దానికి తుంగ్రో వైరస్ తగులుకుంది. వైరస్‌ని తట్టుకునే ఇంకో రకం తెస్తే దానికి తెగులు. మధ్యలో మందుల మోతాదు పెరుగుతూ పోయింది. మందు కొట్టేకొద్దీ దోమ తగ్గకపోగా పెరగడానికి కారణం పీటర్ కెన్‌మోర్ లాంటి పరిశోధకులు ఫిలిప్పీన్స్‌లో తేల్చారు. ఆ మందులు ముందు చంపేది దోమని తినే సాలీళ్ళని. ఇండోనేసియా ప్రభుత్వం 1986 నవంబర్లో వరి మీద 57 రకాల మందుల వాడకాన్ని ఒకే ఉత్తర్వుతో నిషేధించింది. సుహార్తో లాంటి నియంత సంతకంతో వచ్చిన మంచి ఉత్తర్వుల్లో ఇదొకటి. అలాంటివి మరీ ఎక్కువ లేవు.

బాలి రైతులు ఈ గొడవ మొదలైనప్పట్నుంచీ ఒకటే చెప్తూ వచ్చారు, మళ్ళీ గుడి లెక్క ప్రకారం నాట్లు వేద్దాం అని. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో 1979లో మొదలైన బాలి ఇరిగేషన్ ప్రాజెక్టు మాత్రం వేరే దారి పట్టింది. పాత అడ్డుకట్టల స్థానంలో కాంక్రీటు, నీళ్ళని కొలిచి వదిలే ఇనప గేట్లు. చాలాచోట్ల ఇంజనీర్లు వెళ్ళిపోయాక రైతులు ఆ గేట్లు పైకెత్తి అలాగే వదిలేశారు, లేదా ఊడపీకేశారు. ఇంజనీర్ల దృష్టిలో ఇది మూఢత్వం. కానీ వాళ్ళ పాత పద్ధతి చూడండి. ఒక మొద్దుకి గంట్లు పెట్టి కాలువకి అడ్డంగా పడుకోబెడతారు. నీళ్ళు ఎంత వచ్చినా గంట్ల వెడల్పుని బట్టి అదే నిష్పత్తిలో చీలిపోతాయి. అది అందరి కళ్ళముందూ ఉంటుంది, ఎవరూ రాత్రికి రాత్రి చక్రం తిప్పలేరు. గేటుకి చక్రం ఉంటుంది, చక్రానికి ఒక మనిషి ఉంటాడు.

లాన్సింగ్ ఈ విషయాలన్నీ రాసి ఇస్తే ప్రాజెక్టు కన్సల్టెంట్లు ఆసక్తికరంగా ఉంది అన్నట్టుగానే తీసుకున్నారు. గుళ్ళు సంస్కృతికి సంబంధించినవి, సంస్కృతి మీద పరిశోధన చేసేవాళ్ళు దాన్ని మెచ్చుకోవడం సహజం. అప్పుడు ఆయన తాను పనిచేసే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనే జేమ్స్ క్రెమర్ అనే జీవావరణ శాస్త్రవేత్తని పట్టుకున్నాడు. క్రెమర్ చేసేది సముద్రపు పని. అమెరికాలో నారగాన్‌సెట్ అనే అఖాతంలో నాచు, చిన్న జీవులు, పోషకాలు ఒకదాన్నొకటి ఎలా పెంచుతాయో ఎలా తింటాయో సమీకరణాల్లో రాసి నడిపించినవాడు. ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది. ఎందుకంటే అప్పటికి నీళ్ళ మోడల్స్ రాసేవాళ్ళు మనిషిని ఒక అంకెగానే చూసేవారు. 1955లో మొదలైన హార్వర్డ్ వాటర్ ప్రోగ్రామ్ నుంచి వచ్చిన సంప్రదాయం అది. నది ఇంత ఇస్తుంది, ఊళ్ళకి ఇంత కావాలి, జలాశయం ఎంత పెద్దది కట్టాలి? 'ఇంత కావాలి' అనే ఆ అంకె నది స్థితిని చూసి మనసు మార్చుకోదు, పక్కవాడిని చూసి నేర్చుకోదు.

మనకి ఇంకో పాత ఉదాహరణ ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. వెయ్యి మంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని. అందులో మంచి చెరువుకి పన్నెండు సాధనాలు, చెడ్డ చెరువుకి ఆరు దోషాలు లెక్కపెట్టారు. కట్ట చెమర్చడం, చౌడు నేల లాంటి దోషాల పక్కనే ఇంకో రెండున్నాయి. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం. రాజకీయం, నేల, నీళ్ళు, పొలం అన్నీ ఒకే జాబితాలో, ఒకే వరసలో. దీన్ని మోడల్ అనలేం, ఇందులో ఏదీ కదలదు. కానీ ఏమేం లెక్కలోకి తీసుకోవాలో ఆ శాసనం రాసినవాడికి తెలుసు.

లాన్సింగ్, క్రెమర్ తీసుకున్నది ఊస్, పెతాను అనే రెండు నదులు. వాటి మీద 172 సుబాక్‌లు. ప్రోగ్రామ్ నెల చొప్పున ముందుకి కదులుతుంది. ప్రతి నెలా ఎత్తుని బట్టి వాన, వాన నుంచి నదిలో ప్రవాహం, ప్రతి అడ్డుకట్ట దగ్గర ఎవరికి ఎంత నీళ్ళు కావాలి, ఎంత దొరికింది, దొరక్కపోతే పంటకి ఎంత నష్టం. దీంతోపాటే పురుగులు. వరి ఉన్న మడిలో పెరుగుతాయి, పక్క మడికి పాకుతాయి, వరి లేని మడిలో చచ్చిపోతాయి. మొత్తం ఇంతే. ఈరోజుల్లో ఇంజనీరింగ్ మూడో ఏడు కుర్రాళ్ళు వారాంతంలో రాసెయ్యగల కోడ్. గొప్పదనమంతా ఏది కోడ్‌లోకి రావాలో ఎంచుకోవడంలో ఉంది. వాళ్ళు నీళ్ళనీ పురుగునీ ఒకేచోట పెట్టారు.

ఎందుకంటే ఈ రెండూ వ్యతిరేక దిశల్లో లాగుతాయి. 172 సుబాక్‌లూ ఒకేరోజు నాట్లు వేసి ఒకేసారి కోశాయనుకోండి, కోతల తర్వాత కనుచూపు మేరలో పచ్చ వరి ఉండదు, తిండి లేక పురుగు మాడిపోతుంది. కానీ నాట్లప్పుడు అందరికీ ఒకేసారి నీళ్ళు కావాలి, నది చాలదు. పోనీ ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్ళు వేసుకుంటే నీళ్ళు సర్దుకుంటాయి, పురుగు మాత్రం ఏడాది పొడుగునా ఈ మడిలోంచి ఆ మడిలోకి చుట్టాలింటికి వెళ్ళినట్టు తిరుగుతుంది. మంచి దిగుబడి ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉండాలి. ఎంత పెద్ద గుంపు కలిసి నాట్లు వేయాలి అన్నదే ప్రశ్న. మోడల్‌ని రకరకాల గుంపుల సైజుతో నడిపిస్తే, దిగుబడి బాగా వచ్చింది మసెతి గుళ్ళ స్థాయిలో. అంటే కొన్ని సుబాక్‌లు కలిసి ఒక గుడికి మొక్కుతాయే, సరిగ్గా ఆ స్థాయిలో.

1993లో వాళ్ళు అచ్చువేసిన రెండో ప్రయోగం నాకు ఇంకా నచ్చుతుంది. ఈసారి గుడి అనేదే పెట్టలేదు. 172 సుబాక్‌లకీ ఏదో ఒక పంట క్యాలెండర్ చీటీలు తీసినట్టు ఇచ్చేశారు. ప్రతి ఏడాది చివర ప్రతి సుబాక్ చేయాల్సింది ఒక్కటే పని: ఇరుగుపొరుగుల్లో నాకంటే ఎవరికైనా బాగా పండిందా? పండితే వచ్చే ఏడు వాళ్ళ క్యాలెండర్ కాపీ కొట్టు. ప్రోగ్రామ్‌లో సుమారు పదేళ్ళు గడిచేసరికి గజిబిజిగా ఉన్న పటం మీద ఒకే రంగు మచ్చలు ఏర్పడ్డాయి. మచ్చ అంటే కలిసి నాట్లు వేసే పొరుగు సుబాక్‌ల గుంపు. ఆ మచ్చలకి నిజం గుళ్ళ కింది గుంపులతో దగ్గరి పోలిక ఉంది. సగటు దిగుబడి పెరిగింది. ఎవరూ ప్లాన్ గీయలేదు. గీర్ట్జ్ దగ్గర మిగిలిపోయిన ప్రశ్నకి ఇది ఒక జవాబు.

కంప్యూటర్‌ని బాతూర్ గుడికి తీసుకెళ్ళి పూజారులకి చూపించారు కూడా. ఆ సన్నివేశం మీద 1988లో 'ది గాడెస్ అండ్ ది కంప్యూటర్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. లాన్సింగ్ 1991లో రాసిన పుస్తకం పేరు 'ప్రీస్ట్స్ అండ్ ప్రోగ్రామర్స్'. ఆ 1988లోనే ఆసియా అభివృద్ధి బ్యాంకు తన ప్రాజెక్టు మీద చేసుకున్న సమీక్షలో గుళ్ళ పద్ధతి పనికొచ్చేదని, దాన్ని పక్కనపెట్టడం చేటు చేసిందని ఒప్పుకుంది. అప్పటికే చాలాచోట్ల రైతులు ఎవరి ఒప్పుకోలూ లేకుండా పాత క్యాలెండర్‌కి తిరిగి వెళ్ళిపోయారు.

ఎగువవాడు ఎందుకు మంచిగా ఉంటాడు అన్నది ఇంకా తేలలేదు కదా. దానికి లాన్సింగ్, జాన్ మిల్లర్ 2005లో ఒక చిన్న ఆట రాశారు. నా అంకెలతో చెప్తాను. ఎగువన ఒక రైతు, దిగువన ఒక రైతు. ఏ ఇబ్బందీ లేకపోతే చెరో పది బస్తాలు. వేరువేరు రోజుల్లో నాట్లు వేస్తే పురుగు వల్ల చెరో నాలుగు బస్తాలు పోతాయి, ఆరు మిగుల్తాయి. ఒకేసారి వేస్తే పురుగు ఉండదు, కానీ నీళ్ళు చాలక దిగువవాడికి రెండు పోతాయి. అంటే పది, ఎనిమిది. ఇద్దరికీ కలిసి వేయడమే లాభం. ఇప్పుడు నీళ్ళ కరువు ఎక్కువై దిగువవాడి నష్టం ఆరు అయింది అనుకుందాం. కలిసి వేస్తే అతనికి నాలుగే, విడిగా వేస్తే ఆరు. 'నేను నీతో కలవను పో' అంటాడు. అతను కలవకపోతే ఎగువవాడికీ నాలుగు బస్తాలు గల్లంతు. అప్పుడు ఎగువవాడు తానే దిగివచ్చి, కొంచెం నీళ్ళు వదిలి, ఒక బస్తా నష్టం భరించి దిగువవాడి నష్టాన్ని మూడుకి తగ్గిస్తే తొమ్మిది, ఏడు. ఇద్దరూ బాగుపడ్డారు. దిగువవాడి చేతిలో నీళ్ళు లేవు, పురుగు ఉంది. అదే అతని బలం. రైతుల్ని అడిగితే కూడా ఎగువవాళ్ళు ఎక్కువగా పురుగు గురించీ, దిగువవాళ్ళు ఎక్కువగా నీళ్ళ గురించీ బెంగపడుతున్నట్టు తేలింది.

ఈ ఆటని కొంచెం ముందుకి లాగితే హరిత విప్లవం గురించి ఒక మాట దొరుకుతుంది. మందు నిజంగా పనిచేసి పురుగు పోయిందనుకోండి. ఎగువవాడికి దిగువవాడితో ఇక పనేముంది? మందు డబ్బా చేసింది పురుగుని చంపడం ఒక్కటే కాదు, దిగువవాడి చేతిలోని ఆ ఒక్క ముక్కని కూడా లాగేసుకుంది. అది మందు పనిచేసినన్నాళ్ళే అనుకోండి.

ఇంతవరకు చదివితే గుడి అంటే ఒక అల్గారిథమ్ అనిపిస్తుంది. మన సాఫ్ట్‌వేర్ జనానికి ఈ కథ బాగా నచ్చడానికి కారణం కూడా అదే అనుకుంటాను. అధికారి లేడు, రాజు లేడు, పక్కవాడిని చూసి నేర్చుకుంటే చాలు, వ్యవస్థ దానంతటదే కుదురుకుంటుంది. అందుకే కొంచెం అనుమానించాలి. స్టెఫాన్ హెల్మ్‌రీచ్ 1999లో సరిగ్గా దీన్నే పట్టుకున్నాడు. ఈ మోడల్ చరిత్రనీ అధికారాన్నీ తీసేసి గుళ్ళని ప్రకృతిలో భాగంలా చూపిస్తోంది అని. బ్రిగిట్టా హౌసర్-షౌబ్లిన్ 2003లో, పాత బాలిలో రాజుల పాత్ర మీరనుకున్నంత చిన్నది కాదు అని వాదించింది. లాన్సింగ్ జవాబులు ఇచ్చాడు. నాకు వాటిలో కొన్ని సబబుగానే అనిపించాయి, నీళ్ళూ పురుగుల లెక్క తప్పని ఈ విమర్శ చెప్పడం లేదు కూడా. కానీ ఆ 172 గడుల్లో ఏముందో చూడండి. ఒక్కో గడి ఒక్క మనసుతో నిర్ణయం తీసుకుంటుంది. గడి లోపల భూస్వామి లేడు, కౌలుదారు లేడు, కులం లేదు.

బాలిలో 1960ల మొదట్లో పెద్ద గొడవ భూమి గురించే. భూసంస్కరణల చట్టం అమలు చేయమని కౌలురైతులు, కమ్యూనిస్టులు ఒకవైపు, భూస్వాములు మరోవైపు. 1965 డిసెంబర్ నుంచి కొద్ది నెలల్లో ఆ చిన్న దీవిలో సుమారు 80,000 మందిని చంపారని అంచనా, అంటే జనాభాలో ఇరవైలో ఒకరు. ప్రతి సుబాక్‌లోనూ చంపినవాళ్ళ చేలూ చచ్చిపోయినవాళ్ళ చేలూ ఒకే కాలువ కింద ఉండి ఉంటాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళకే బిమాస్ అధికారులు వచ్చి నాట్లు వేయండి అన్నారు. ఆ రోజుల్లో ప్రభుత్వ పథకాన్ని కాదనడానికి ఎంత గుండె కావాలి? రైతులు గుడి క్యాలెండర్‌ని ఎందుకు అంత త్వరగా వదిలేశారు అన్న ప్రశ్నకి దిగుబడి ఆశ ఒక్కటే జవాబుగా ఇస్తే సరిపోదు. మోడల్‌లో భయం అనే చరరాశి లేదు. పెట్టడం ఎలాగో నాకు తెలిసిన పద్ధతుల్లో లేదు కూడా.

2012లో మురుగేశు శివపాలన్, మరో ఇద్దరు కలిసి మనుషుల్నీ నీళ్ళనీ విడదీయకుండా చదివే శాస్త్రానికి 'సోషియో-హైడ్రాలజీ' అని పేరు పెట్టి ప్రకటించారు. శివపాలన్ శ్రీలంకలో పుట్టినవాడు, చెరువుల దేశం. ఇప్పుడు ఆ పేరుతో పత్రాలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. వాటిలో కొన్ని సమీకరణాలకి సమాజం అనే ఒక అక్షరం కలిపి సరిపెట్టుకుంటాయి. బాలి పని దానికి ఇరవై ఏళ్ళ ముందే జరిగింది, సరిపెట్టుకోకుండా జరిగింది. 2017లో లాన్సింగ్ బృందం ఉపగ్రహ చిత్రాల్లో మడుల రంగుల మచ్చల్ని కొలిచి, అవి మోడల్ చెప్పినట్టే చిన్నవీ పెద్దవీ ఒక గణిత క్రమంలో ఉన్నాయని చూపింది.

క్రెమర్ సముద్రాన్ని మర్చిపోలేదు. అగ్నిపర్వతాల నేల మీదుగా వచ్చే నీళ్ళలో పొటాషియం, ఫాస్ఫేట్ ముందే బోలెడు ఉంటాయి. పైన వేసిన ఎరువులో చాలా భాగం ఒక మడి నుంచి ఇంకో మడికి, చివరికి నది వెంట తీరానికి చేరుతుంది. తీరంలో పగడపు దిబ్బలున్నాయి. పగడం చెట్టులాగే ఏటికేడు పొరలు పొరలుగా పెరుగుతుంది. 2005లో అచ్చైన ఒక పరిశోధనలో బాలి పగడాల పొరల్లో నైట్రోజన్ జాడని కొలిస్తే, హరిత విప్లవపు ఎరువు ఎప్పుడు మొదలైందో ఆ పొరలే చెప్పాయి. బిమాస్ కాగితాలు ఎక్కడైనా చెదలు పట్టి పోవచ్చు, ఈ దస్తరు సముద్రం అడుగున ఉంది.

2012లోనే యునెస్కో సుబాక్‌లని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బాతూర్ గుడి, జతిలువి మడులు అందులో ఉన్నాయి. మడులు చూడటానికి టికెట్టు ఉంది. పక్కనే దక్షిణ బాలిలో మడులు ఒక్కొక్కటే విల్లాలుగా మారుతున్నాయి. ఆటలోకి మళ్ళీ వెళ్తే, ఎగువ రైతు చేను అమ్మేసి అక్కడ విల్లా వచ్చింది అనుకుందాం. విల్లాకి నీళ్ళు కావాలి, సుడిదోమతో దానికి పని లేదు. కింది రైతు 'నీతో కలవను' అంటే అది నష్టపోయేది ఏమీ లేదు. ఇక ఎగువ చేను ఉండి దిగువన హోటల్ వస్తే, హోటల్ దగ్గర పురుగు లేదుగానీ డబ్బు ఉంది, ఎగువవాడి దగ్గర నీళ్ళు కొనగలదు, కుదరకపోతే బోరు వేసుకోగలదు. మధ్యలో మిగిలిన నాలుగైదు మడులు ఒకేరోజు నాట్లు వేసినా చుట్టూ పురుగుని ఆకలితో చంపేంత వెడల్పు ఉండదు. 1993 ప్రోగ్రామ్‌లో గడి అంటే వరి ఉన్న మడి, వరి లేని మడి, ఈ రెండే.